రెండు పెట్టెల మెటల్ డిటెక్టర్: సొంతంగా కట్టుకొని ఏళ్ల తరబడి వాడిన తర్వాత

పూడిపోయిన బోరు కేసింగ్ పైపులు, తారు పొరల కింద కనబడకుండా పోయిన మ్యాన్‌హోల్ మూతలు, నక్షా లేని పాత పోత ఇనుము నీటి గొట్టాలు: నేను ఈ పరికరాన్ని కట్టుకొన్నది ప్రధానంగా వీటిని వెదకడానికే. ఇన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం ఇది. ఈ డిటెక్టర్ ఎంత లోతు చూస్తుందన్నది సర్క్యూట్ మీద కంటే, రెండు పెట్టెలను కలిపే కర్ర ఎంత బిగువుగా నిలుస్తుందన్న దానిపైనే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

విధానం పాతదే. విమానాలకు దిక్కు చూపే రేడియో పరికరాలపై పనిచేసిన గెర్హార్డ్ ఫిషర్, లోహాలు ఉన్నచోట ఆ పరికరాలు తప్పు చూపడాన్ని గమనించి రూపొందించిన యంత్రానికి 1937లో అమెరికా పేటెంటు లభించింది. ఒక పెట్టెలోని కాయిల్ అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. సుమారు మీటరు దూరంలో దానికి లంబంగా అమర్చిన రెండో పెట్టెలోని కాయిల్‌కు ఆ క్షేత్రం నేరుగా అందదు. భూమిలో పెద్ద లోహం ఉంటే అందులో సుళ్లలా తిరిగే విద్యుత్తు, అంటే సుడి ప్రవాహాలు, మరో క్షేత్రాన్ని సృష్టిస్తాయి, రిసీవర్‌కు వినిపించేది అదే.

లోతు సంగతికి వస్తే ఆశ తగ్గించుకోక తప్పదు. వెళ్లే క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది, తిరిగి వచ్చేదీ అంతే. కాబట్టి పెట్టెల మధ్య ఎడం కంటే వస్తువు బాగా లోతుగా ఉన్నప్పుడు, లోతు రెండింతలైతే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. ట్రాన్స్‌మిటర్ కాయిల్‌లో కరెంటును రెట్టింపు చేసినా అదనంగా దక్కే లోతు 12 శాతమే. అందుకే పెద్ద బ్యాటరీలు మోయడం నాకు దండగగా తోచింది. ప్రకటనల్లో కనిపించే ఇరవై అడుగుల మాట చాలా పెద్ద లోహరాశులకు వర్తిస్తే వర్తించవచ్చు. నా చేతిలో మ్యాన్‌హోల్ మూత నాలుగైదు అడుగుల వరకు, 200 లీటర్ల ఇనుప డ్రమ్ము ఆరేడు అడుగుల వరకు నమ్మకంగా పలుకుతాయి.

కాయిల్ చుట్టడం కష్టమేమీ కాదు. 30 సెంటీమీటర్ల వ్యాసం గల చట్రంపై ఎనామెల్ రాగి తీగను 50 చుట్లు చుడితే దాదాపు 1.7 మిల్లీహెన్రీలు వస్తుంది, దానికి 0.33 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను జతచేస్తే 6.6 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో అనునాదం కుదురుతుంది, అంటే ఆ ఫ్రీక్వెన్సీకే రెండూ కలిసి బలంగా స్పందిస్తాయి. ఆ కెపాసిటర్ పాలీప్రొపిలీన్ రకానిదైతేనే మంచిది, ఎందుకంటే మామూలు సెరామిక్ రకాల విలువ ఎండకు జరిగిపోతుంది. రెండు పెట్టెల మధ్య తీగ లేకుండా ఒక్కోదానికి వేరే బ్యాటరీ ఇచ్చాను.

అసలు పరీక్ష కర్ర దగ్గరే. నీళ్ల పనికి వాడే 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం తేలికైనదే, కానీ మధ్యాహ్నపు ఎండలో దాని పైభాగం అడుగుభాగం కంటే పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే మీటరు పొడవుకు ఒక డిగ్రీకి దగ్గరగా వంగుతుంది. కంటికి ఆనని ఆ వంపు వల్ల, రెండు కాయిల్స్ ఒకే వరుసలో ఎదురెదురుగా ఉంటే అందే సంకేతంలో కొంత భాగం నేరుగా రిసీవర్‌లోకి చొరబడుతుంది. లోతున ఉన్న వస్తువు పంపే సంకేతం ముందు ఇది కొండంత. బాగా ఆరిన టేకు కర్రకు మారాక ఉదయం సరిచేసిన సమతుల్యం సాయంత్రం దాకా నిలుస్తోంది. బిగింపులన్నీ నైలాన్ బోల్టులే. రిసీవర్ పెట్టె వంపును సన్నగా మార్చే మర ఒకటి ఉండాలి, అదీ ప్లాస్టిక్‌దే కావాలి.

నేలల విషయంలో ఒక్కో చోట ఒక్కో తీరు. జహీరాబాద్ వైపు జేగురు రంగు లాటరైట్ రాతి నేలపై నడిచేటప్పుడు పెట్టె ఎత్తు కొద్దిగా మారినా స్వరం మారుతుంది, అక్కడ నడక నిలకడే సగం పని. ఒక మిత్రుడి దగ్గరున్న ఫిషర్ జెమిని-3 అనే రెండు పెట్టెల డిటెక్టర్‌తో పక్కపక్కనే పోల్చి చూశాను. 82 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో పనిచేసే ఆ యంత్రం పొడి నేలపై నా దానికంటే చురుకైనది. వాన తర్వాతి నల్లరేగడిపై మాత్రం తక్కువ ఫ్రీక్వెన్సీ గల నా యంత్రమే అనవసరపు స్వరాలు లేకుండా నిలకడగా ఉంటుంది. నేల విద్యుద్వాహకతకు వచ్చే స్పందన ఫ్రీక్వెన్సీతో పాటు పెరగడమే దీనికి కారణం.

మేకులు, సోడా మూతలు, నాణేలు దీనికి అసలు వినబడవు, ఈ గుణం కోసమే నేను దీన్ని ఇష్టపడతాను. చూసినవారందరూ అడిగే మొదటి ప్రశ్న మాత్రం లంకెబిందెల గురించే. ఇది ఇనుమునూ రాగినీ వేరుచేసి చెప్పలేదు, బంగారం సంగతి సరేసరి. పైగా భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది, రక్షిత కట్టడాల వద్ద తవ్వడం వేరే నేరం. మైలు దూరం నుంచి పసిడిని చూపుతాయని అమ్మే యాంటెన్నా కడ్డీలతో దీన్ని జతకట్టవద్దని మనవి.

గొట్టాల జాడ తీయడానికి పెట్టెలను విడదీసి వాడే పద్ధతి నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది. ట్రాన్స్‌మిటర్‌ను గొట్టంపై, కాయిల్ తలం గొట్టం దిశలో ఉండేలా నిలువుగా పెట్టి, రిసీవర్‌ను పడుకోబెట్టి పది మీటర్లకు పైగా దూరం తీసుకెళ్తే, సరిగ్గా గొట్టంపైన స్వరం ఆగి ఇరువైపులా పెరుగుతుంది. ఆ గీతను సున్నంతో గుర్తించి, రిసీవర్‌ను నేలకు ఆనించి 45 డిగ్రీలు వంచి గీతకు అడ్డంగా పక్కకు జరుపుతూ పోతే స్వరం మళ్లీ ఒకచోట ఆగుతుంది. గీత నుంచి అక్కడికి ఎంత దూరమో గొట్టం దాదాపు అంత లోతున ఉంటుంది. పక్కన మరో గొట్టం గానీ కేబుల్ గానీ ఉంటే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, గీతకు రెండు వైపులా కొలిచి అవి సమానంగా వస్తేనే పలుగు తీయమని కూలీలకు చెబుతాను.