చెట్లకు నీళ్లు పొద్దున పోయాలా, సాయంత్రమా?

సెలవు రోజు హనుమకొండలో ఇంటిపట్టునే ఉంటే రెండు పనులు ఖాయం: పెరట్లో చెట్లు, సాయంత్రం టీవీ. నీళ్లు పోసే టైం దగ్గరే ఈ రెండూ ఢీకొంటాయి.

నీటి ఖర్చు
పొద్దున: 7 లోపు పోస్తే ఎండ ముదిరేలోపే వేళ్లకు అందుతాయి.
సాయంత్రం: ఆవిరయ్యేది ఇంకా తక్కువ. మేలో ఇక్కడ ఎండ 42 డిగ్రీలు దాటిన రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

శ్రమ
పొద్దున: చల్లగా ఉంటుంది, తొందర ఉండదు.
సాయంత్రం: దోమలు. పైగా సీరియల్ మొదలవుతుందని పైపైన చల్లి లోపలికి వచ్చేస్తాం. పైమట్టి తడుస్తుంది, వేరు దాకా తడి దిగదు. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. చెట్టు వాడిపోయాక ఎరువులు, మందులు కొంటాం కానీ, దానికి కావాల్సింది ఇంకో పది నిమిషాల నీళ్లే.

రిస్క్
పొద్దున: దాదాపు లేదు.
సాయంత్రం: ఆకులు రాత్రంతా తడిగా ఉంటే టమాటకు ఆకుమచ్చ, దోసపాదుకు బూజు తెగులు పట్టే అవకాశం ఎక్కువ. నీళ్లు చెట్టు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు.

ఎవరికి ఏది
నేలలో పెంచేవాళ్లకు, వానకాలంలో, చలికాలంలో పొద్దునే మేలు. వేలు గుచ్చి చూసి, లోపల తడి ఉంటే ఆ రోజు మానేయొచ్చు. నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది, ఇసుక పాలు ఎక్కువుండే ఎర్ర చెల్క నేల త్వరగా ఆరుతుంది.
ఎండాకాలంలో మిద్దె మీద కుండీలుంటే రెండు పూటలా పోయాలి. సాయంత్రం వంతు మిద్దె వేడి తగ్గాక, టీవీ పెట్టకముందే.