డూమ్ పాత కోడ్: బాగుచేయడమా, మళ్లీ రాయడమా? ఏది మేలు?

డూమ్ అనే పాత షూటింగ్ ఆటకు 1997 డిసెంబరులో విడుదలైన లైనక్స్ సోర్సు కోడ్ (1.10) ఇవాళ్టి కంపైలర్‌తో (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే సాధనం) ఉన్నదున్నట్టు కంపైల్ కాదు. జీసీసీ 15 అనే కంపైలర్ డిఫాల్టుగా సీ భాష కొత్త ప్రమాణం సీ23ను తీసుకుంటుంది. అందులో ట్రూ, ఫాల్స్ కీవర్డులు (భాష తనకే ఉంచుకున్న మాటలు) కాబట్టి అవే పేర్లను తానే నిర్వచించుకున్న డూమ్ సొంత బూలియన్ ఈనమ్ దగ్గరే పని ఆగిపోతుంది. అక్కడే అందరికీ ఒకే ప్రశ్న వస్తుంది: ఈ సీ కోడ్‌నే సరిచేసుకుంటూ పోవాలా, రస్ట్ భాషలో కొత్తగా రాసుకోవాలా?

నా లెక్కలో దీన్ని తేల్చేది వేగమూ కాదు, కోడ్ అందమూ కాదు. డెమో (ముందే రికార్డు చేసిన ఆట) చివరిదాకా గాడి తప్పకుండా ఆడాలి, అంతే. డెమో ఫైల్లో బొమ్మలుండవు. ఒక్కో ఆటగాడికి టిక్కుకు (ఆట గడియారపు ఒక్క అడుగుకు) 4 బైట్లు: ముందుకు, పక్కకు, తిరగడం, బటన్లు. సెకనుకు 35 టిక్కులు, అంటే 140 బైట్లు. మిగతాదంతా ఇంజిన్ మళ్లీ లెక్కకట్టాల్సిందే. ఒక గుణకారంలో చివరి బిట్టు మారినా కాసేపటికి ఆటగాడు గోడను గుద్దుకుంటూ, ఎవరూ లేని చోట కాల్పులు జరుపుతుంటాడు. ఇంత నిక్కచ్చి పరీక్ష ఆటతోపాటే వచ్చింది, దాన్ని వదులుకోకూడదు. ఒక చిక్కుంది. ఆట 1.9 వెర్షన్ వ్యాడ్‌లోని (డేటా ఫైలులోని) డెమోల వెర్షన్ బైటు 109, సోర్సులోది 110. ఆ తనిఖీని సడలించి 109ని అనుమతిస్తే తప్ప డెమో మొదలే కాదు.

బాగుచేసే దారిలో ఉన్న బలం ఇదే: మొదటిరోజు నుంచీ ఈ పరీక్ష చేతిలో ఉంటుంది. ముందు 32 బిట్లలోనే, గ్నూ89 (పాత సీ) ప్రమాణంతో, ఎఫ్‌వ్రాప్‌వి ఫ్లాగుతో (పూర్ణాంకం పొంగితే చుట్టు తిరిగి రావాలని చెప్పేది) కంపైల్ చేయండి. 256 రంగుల ఎక్స్11 (లైనక్స్ తెర వ్యవస్థ) తెర కోరే వీడియో ఫైలును ఎస్‌డీఎల్2 లైబ్రరీకి మార్చండి. భాగహారం చేసే ఫిక్స్‌డ్‌డివ్ ఫంక్షన్ డబుల్‌లో (దశాంశ సంఖ్యల్లో) భాగిస్తోంది; 64 బిట్ల పూర్ణాంకాల్లోకి మార్చండి, పైనున్న ఓవర్‌ఫ్లో తనిఖీని మాత్రం కదపకండి. 'పీ_ర్యాండమ్() - పీ_ర్యాండమ్()' (రెండు ర్యాండమ్ అంకెల తేడా) అని ఉన్న ప్రతిచోటా మొదటి విలువను ముందు ఒక వేరియబుల్లోకి తీసుకోండి. ఆ రెండింట్లో ఏది ముందు పిలవాలో సీ భాష చెప్పదు, కంపైలర్ మారితే గుర్తు తారుమారవుతుంది.

డెమోలు పాసయ్యాకే 64 బిట్లకు వెళ్లాలి. అక్కడ విరిగేవి దాదాపు అన్నీ పాయింటరు (మెమరీ చిరునామా) 4 బైట్లే అనుకుని రాసినవి. గోడల బొమ్మల వివరాలుండే మ్యాప్‌టెక్స్చర్ స్ట్రక్చర్‌లో ఎవరూ వాడని కాలమ్‌డైరెక్టరీ పాయింటరు 8 బైట్లవుతుంది, దాని తర్వాతి ప్యాచ్‌ల (ఆ బొమ్మలోని ముక్కల) సంఖ్య తప్పుగా చదువుతుంది. దాన్ని 32 బిట్ల పూర్ణాంకం చేయండి. టెక్స్చర్ల పట్టికలకు 'సంఖ్య × 4' అని జాగా తీసుకున్నారు, వాటిలో నాలుగు పాయింటర్ల పట్టికలు. మెమరీ ఇచ్చే జడ్_మ్యాలక్ సైజును 4 గుణిజానికి సవరిస్తుంది, 8 గుణిజం కావాలి. కలర్‌మ్యాప్‌ను (వెలుతురును బట్టి రంగులు మార్చే పట్టికను) 256 బైట్ల హద్దుకు సర్దేచోట పాయింటరును ఇంట్‌లోకి మారుస్తారు, సగం చిరునామా ఊడిపోతుంది. సేవ్‌గేమ్ స్ట్రక్చర్లను ఉన్నవున్నట్టు మెమ్‌కాపీ చేస్తుంది, కాబట్టి పాత సేవ్‌లు చదవాలంటే ఒక్కో ఫీల్డూ విడిగా రాయక తప్పదు. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కో మార్పు తర్వాతా డెమో నడిపి చూసుకోవచ్చు.

విజ్‌ప్లేన్ల (తెరమీద గీసే నేల, పైకప్పు ముక్కల) పరిమితి 128ని నిశ్చింతగా పెంచుకోవచ్చు, అది తెరకు సంబంధించిందే. ఇంటర్‌సెప్ట్‌ల (తూటా లాంటి దాని దారిలో తగిలే గీతలు, వస్తువుల) 128 అలా కాదు. అది పొంగితే పక్క మెమరీ చెడి ఆటే మారుతుంది, కొన్ని పాత డెమోలు ఆ చెడిన విలువల మీదే ఆధారపడ్డాయి.

మళ్లీ రాయడంలో లాభాలు నిజమైనవే: గ్లోబల్ వేరియబుల్స్ పోతాయి, మెమరీ పొంగడం ఉండదు. కానీ ఆట లాజిక్ మొత్తం పూర్తయ్యేదాకా ఒక్క డెమో కూడా నడవదు. అంతవరకూ తప్పు ఎక్కడుందో చెప్పేవారుండరు. పైగా రాక్షసులు, తలుపులు, లిఫ్టులు అన్నీ థింకర్లు (ప్రతి టిక్కుకూ నడపాల్సినవి) అనే ఒకే జాబితాలో వరసగా కదులుతాయి. 256 అంకెల ర్యాండమ్ పట్టికలోంచి ఎవరికి ఏ అంకె అందుతుందో ఆ వరసే నిర్ణయిస్తుంది. రస్ట్‌లో ఓనర్‌షిప్ (ఒక డేటాకు ఒకే యజమాని ఉండాలన్న నియమం) చిక్కులు తప్పించుకోవడానికి ఒక్కో రకాన్నీ వేరే వెక్టర్‌లో (జాబితాలో) పెడితే ఆ వరస పోయినట్టే. పాయింటర్లకు బదులు సూచికలు వాడినా ఒకే జాబితా ఉంచండి, కూడికలన్నీ వ్రాపింగ్_యాడ్‌తో (పొంగితే చుట్టు తిరిగి వచ్చే కూడికతో) చేయండి. లేకపోతే డీబగ్ బిల్డ్ ఓవర్‌ఫ్లో దగ్గర ఆగిపోతుంది.

ఆడుకోవడమే కావాలంటే డాస్‌బాక్స్ (పాత డాస్ ఆటల్ని నడిపే ప్రోగ్రాం) చాలు. కొత్త హంగులు కావాలంటే జీజెడ్‌డూమ్ (డూమ్ ఇంజిన్ కొత్త రూపం) ఉంది, అయితే పాత డెమోలు అందులో సరిగా ఆడవు.

చాక్లెట్ డూమ్‌ను (అసలు ఆటను ఉన్నదున్నట్టు అనుకరించే ఇంజిన్) మాత్రం ఏ దారి పట్టినా పక్కన పెట్టుకోండి. దానిలోనూ మీ ఇంజిన్‌లోనూ ప్రతి టిక్కుకు ర్యాండమ్ సూచిక, ఆటగాడి ఎక్స్, వై, కోణం ఒక్కో వరసగా ఫైల్లోకి రాయించి, రెండు ఫైళ్లకూ డిఫ్ (తేడాలు చూపే కమాండు) తీయండి. మొదట తేడా వచ్చిన వరసలోని టిక్కు దగ్గర బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామును అక్కడ ఆపే గుర్తు) పెడితే, తప్పు ఆ టిక్కులోనో దానికి కాస్త ముందో దొరుకుతుంది.