పాత ఇత్తడి లైటు మేకోవర్‌కి ఇస్తున్నారా? విజయవాడవాళ్లూ, ఇది చదివి ఇవ్వండి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పాత లైట్లకు కొత్త రూపం ఇస్తామని రోజూ రీల్స్ పెట్టే ఆ విజయవాడ షాపు గురించే ఇది. తుప్పు పట్టిన షాండ్లియర్‌కి నల్ల మ్యాట్ రంగు, సైకిల్ రిమ్ముతో వేలాడే లైటు, పెట్రోమాక్స్ లోపల ఎల్‌ఈడీ బల్బు... ఆ వీడియోలు మీ ఫోన్లో కూడా వచ్చే ఉంటాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయొద్దని తమ్ముడు అంటున్నాడు. చూసినవాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది.

మాది వేలాడే ఇత్తడి దీపం. గుంటూరు బ్రాడీపేటలో అమ్మ పుట్టిల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేసినప్పుడు మామయ్య దాన్ని అమ్మకు ఇచ్చాడు. ఒకప్పుడు కిరోసిన్‌తో వెలిగేదట. గొలుసులు, గిలకలు, మధ్యలో నూనె బుడ్డి, పైన పాలగాజు డోము. వత్తి వెలిగించడానికి కిందికి లాగి, మళ్లీ పైకి వదిలేవారు. కరెంటు వచ్చాక వత్తి ఉండే చోట బల్బు హోల్డరు పెట్టించారు. మా డైనింగ్ టేబుల్ మీద వేలాడదీయాలని అమ్మ కోరిక. లోపలి వైరు గుడ్డ చుట్టిన పాత రబ్బరు వైరు, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. అలాంటిది వెలిగించకూడదు కాబట్టి షాపుకి ఇచ్చాం.

ఏం చేయాలో వాట్సాప్‌లో స్పష్టంగా రాశాను. వైరింగ్ మొత్తం కొత్తది, హోల్డరు కొత్తది, ఒళ్లంతా లోహం కాబట్టి ఎర్తు వైరు తప్పనిసరి. ఇత్తడికి పాలిష్ చేసి పైన లాకర్ (మెరుపు పోకుండా పూసే పారదర్శక వార్నిష్) కోటింగ్ మాత్రమే, రంగు వేయొద్దు. ఏ భాగమూ మార్చొద్దు. దానికి బొటనవేలి బొమ్మ పెట్టారు. ఏడున్నర వేలు అన్నారు, నాలుగు వేలు అడ్వాన్స్ ఇచ్చాం. తర్వాత ఫోన్ చేసిన ప్రతిసారీ "పనిలో ఉంది మేడమ్". సరే, ఆ ఆలస్యం సంగతి వదిలేస్తున్నాను.

రెడీ అయిందని చెబితే అమ్మ, నేను, తమ్ముడు వెళ్లాం. దీపం కొక్కేనికి తగిలించి ఉంది. తళతళా మెరుస్తోంది. పక్కన ఒకబ్బాయి ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు, కస్టమర్ రియాక్షన్ కావాలట. పైన మా పాలగాజు డోము లేదు, తెల్ల ప్లాస్టిక్ డోము ఉంది. పాతది బరువని తీసేశారట, అడిగితే వెనక నుంచి తెచ్చి ఇచ్చారు. అంతవరకూ కూడా నేను గట్టిగా ఏమీ అనలేదు.

అమ్మ మాత్రం డోము వైపు చూడలేదు. దగ్గరికి వెళ్లి నూనె బుడ్డి కింద చెయ్యి పెట్టి తడుముతోంది. అక్కడ తాతగారి పేరు ఉండాలి. మన ఇళ్లలో ఇత్తడి సామాను కొన్నప్పుడు కొట్లోనే పేరు కొట్టించుకుంటాం కదా, ఉలితో చిన్న చిన్న చుక్కలుగా. అలా బుడ్డి అడుగున తాతగారి పొడి అక్షరాలు, పక్కన గుంటూరు అని ఉంటుంది. అమ్మ వేళ్లకు నున్నగా తగిలింది.

"పేరేదమ్మా?" అని అడిగింది ఆ అబ్బాయిని. ఆ అబ్బాయి ఓనరు వైపు చూశాడు. ఓనరు కుర్చీలోంచి లేవకుండానే, "పాలిష్‌లో పోయుంటుంది ఆంటీ" అన్నాడు.

అమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. "ఆ పేరు మా నాన్న కొట్టించాడు బాబూ. ఇంట్లో గుండిగ దగ్గర్నుంచి ఉగ్గుగిన్నె దాకా అన్నిటి మీదా ఉంది. మా అమ్మ, తర్వాత నేను, ఇన్నేళ్లు చింతపండుతో తోమాం. ఎక్కడా ఒక్క చుక్క కూడా చెరగలేదు."

దానికి ఆయన అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అసలు అది ఇత్తడని మీకెవరు చెప్పారాంటీ? పాతదంతా ఇత్తడే అనుకుంటారు అందరూ. అదేమన్నా బంగారమా, ఇంత పట్టింపు?"

వీడియో తీస్తున్న అబ్బాయి ఫోన్ దించేశాడు. అమ్మకు డెబ్బై దాటాయి. ప్రతి పండక్కీ ఆ దీపాన్ని కిందికి దింపి తోమిన మనిషి. ఆమెని పట్టుకుని, నీ ఇంటి వస్తువు ఏమిటో నీకు తెలియదు అని నలుగురి ముందు అన్నాడు. డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

వాళ్ల బల్ల మీద స్క్రూడ్రైవర్ ఉంది, మొనకి అయస్కాంతం ఉండేది. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా దాన్ని తీసుకుని బుడ్డికి ఆనించాడు. టక్కున అతుక్కుంది. గొలుసుకి ఆనించాడు, అతుక్కోలేదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం, దానికి అయస్కాంతం పట్టదు. అంటే గొలుసులు మావే, బుడ్డి మాత్రం మాది కాదు. ఇనుప బుడ్డికి ఇత్తడి పూత పూసి మా గొలుసులకు వేలాడదీశారు.

అప్పుడు ఓనరు కుర్చీలోంచి లేచాడు. మాట మారింది. పాతదానికి చిల్లు పడిందట, అందుకే మార్చారట, మాకు చెప్పామనుకున్నారట. పాతది చూపించమంటే స్క్రాప్‌లో పోయింది అన్నాడు. మా బుడ్డికి చిల్లు లేదు, ఇచ్చే ముందు అన్ని వైపులా తీసిన ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి. పేరు కనిపించే ఫొటో కూడా ఉంది. అది చూపిస్తే, "బ్యాలెన్స్ కట్టి తీసుకెళ్లండి, లేదంటే ఇక్కడే వదిలేయండి, స్టాఫ్‌కి పని ఉంది" అన్నాడు. వదిలేస్తే గొలుసులు కూడా పోతాయని మిగతా మూడున్నర వేలు కట్టి, రసీదు మీద "బుడ్డి మార్చారు" అని వాళ్ల చేతే రాయించుకుని తెచ్చుకున్నాం. ఆ ఒక్క ముక్క రాయడానికి ఎంత పెనుగులాడారో చెప్పలేను.

పాలిష్‌లో పేరు పోయిందనే మాట మీకు కూడా చెప్పొచ్చు, అందుకని వివరంగా రాస్తున్నాను. బఫింగ్ చక్రం తీసేది పైపైన ఉండే నల్లటి పొర, సన్నటి గీతలు. చుక్కలుగా కొట్టిన పేరు రేకులోకి దిగి ఉంటుంది. అది పూర్తిగా పోవాలంటే చుట్టూ రేకు అరగదీయాలి, అప్పుడు ఆ చోటు పలచబడి పల్లంగా కనిపిస్తుంది. మా దానికి అలాంటి గుర్తే లేదు. పేరు అరిగితే కొంచెమైనా జాడ ఉంటుంది. జాడే లేదంటే ఆ వస్తువు వేరే అని అర్థం.

ఇంతటితో అయిపోలేదు. ఇంటికి తెచ్చాక మా వీధి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, సీలింగ్‌కి బిగించే ముందు ఒకసారి చూడమన్నాం. నేల మీదే ప్లగ్గు పెట్టి వెలిగించి, బాడీకి టెస్టర్ ఆనించాడు. టెస్టర్ వెలిగింది! వెంటనే ప్లగ్గు లాగేసి విప్పి చూస్తే, వైరు గొట్టంలోంచి బయటికి వచ్చే చోట అంచు పదునుగా ఉంది. అక్కడ రబ్బరు బుష్ వేయలేదు. వైరు పైతొడుగు కోసుకుపోయి లోపలి రాగి తీగ లోహానికి తగులుతోంది. గొట్టం మధ్యలో ఒక అతుకు, దానికి టేపు చుట్టారు. ఎర్తు వైరు అసలే లేదు. ఎర్తు ఉండి ఉంటే కరెంటు దాని దారిన పోయి ఫ్యూజ్ కొట్టేసేది. లేదు కాబట్టి ఆ దీపం ఒళ్లంతా కరెంటుతో, ముట్టుకునేవాళ్ల కోసం వేలాడుతూ ఉండేది. డోము తుడవడానికి తడిబట్టతో చెయ్యి పెట్టేది అమ్మే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. ఎర్తు కావాలని రాతపూర్వకంగా అడిగిన పని ఇది.

వాళ్ల రీల్ కింద ఫొటోలతో కామెంట్ పెట్టాను. కాసేపటికే తీసేసి నన్ను బ్లాక్ చేశారు. అందుకే అక్కడ మీకు మంచి కామెంట్లే కనిపిస్తాయి.

ఇప్పటికే అక్కడ వస్తువు ఇచ్చినవాళ్లు వెంటనే వెళ్లి చూసుకోండి. పని సగంలో ఉన్నా సరే. చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. అయితే అయస్కాంతం పట్టనంత మాత్రాన ఇత్తడి అని అనుకోవద్దు, అల్యూమినియానికీ జింకు పోతపోసిన వాటికీ కూడా పట్టదు. లోపలి వైపు, కనిపించని చోట చిన్న గీత గీసి చూడండి. కింద తెల్లగా వస్తే పూత. ఇంకా ఇవ్వనివాళ్లు మాత్రం ఇత్తడి భాగాలన్నీ విప్పించి, వాళ్ల ముందే కాటా వేయించి, బరువు రసీదు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడితో తిరిగొచ్చేయండి.

నిజానికి ఇత్తడి లైటుకి ఆ పాలిష్ షాపే అవసరం లేదు. చింతపండు, ఉప్పుతో తోమి, బాగా కడిగి ఆరబెట్టి, పైన పారదర్శక లాకర్ స్ప్రే చేస్తే చాన్నాళ్లు మెరుపు ఉంటుంది. ఆ పని హోల్డరు, వైరు విప్పేశాకే చేయాలి. వైరింగ్‌కి మీకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చాలు, మీ కళ్ల ముందే చేయించుకోవచ్చు. ఐఎస్‌ఐ మార్కు ఉన్న మూడు తీగల వైరు, ఆకుపచ్చ తీగ బాడీకి, గొట్టం అంచుల్లో రబ్బరు బుష్, బల్బు ఎల్‌ఈడీది. పాత అరవై వాట్ల బల్బు వేడికి హోల్డరూ వైరూ ఎండిపోతాయి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ దాదాపు అంత వెలుతురు ఇస్తుంది, అంత వేడెక్కదు.

మా పాలగాజు డోముని ఇప్పుడు టేబుల్ ల్యాంపు చేయిస్తున్నాం. వడ్రంగి టేకు ముక్కతో గుండ్రటి పీట చేస్తానన్నాడు, డోము దాని మీద బోర్లా కూర్చుంటుంది, లోపల ఐదు వాట్ల బల్బు. అంచు గాజు చెక్కకి నేరుగా తగలకుండా ఫెల్టు పట్టీ అతికించాలి. గొలుసులు, గిలకలు బాల్కనీలో మనీప్లాంటు కుండీ వేలాడదీయడానికి పనికొస్తాయని మరదలు అంటోంది. నాకు నచ్చింది. అమ్మ ఇంకా సరే అనలేదు, బుడ్డి దొరికితే మళ్లీ దీపమే చేయిద్దాం అంటోంది. ఇంట్లో ఇలాంటివి ఉన్నవాళ్లు ఇలా చిన్న చిన్నగా ఇంటి దగ్గరే చేయించుకోండి. పాత ట్యూబ్‌లైట్లతో మాత్రం అలంకరణలు చేయొద్దు, పగిలితే లోపలి పాదరసం బయటికి వస్తుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి ఈ రెండేళ్లలో మోసపోయి ఊరుకున్నవాళ్లు కూడా ముందుకు రండి. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిస్తే మా మాటకి బలం వస్తుంది. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు ఏవీ డిలీట్ చేయొద్దు.

చివరగా ఒక సాయం. స్క్రాప్‌లో పోయిందన్న మాట నేను నమ్మడం లేదు, అలాంటి బుడ్డికి పాత సామాను కొనేవాళ్ల దగ్గర మంచి గిరాకీ ఉంది. విజయవాడ వన్‌టౌన్‌లో గానీ, గుంటూరులో గానీ, ఆన్‌లైన్‌లో గానీ అమ్మకానికి కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి. చిన్న గుమ్మడికాయంత ఉంటుంది, మెడ దగ్గర ద్రాక్ష తీగ నగిషీ. అడుగున చుక్కల్లో గుంటూరు అని ఉంటుంది, టూ దీర్ఘం మిగతా అక్షరాల కంటే కొంచెం కిందికి దిగి ఉంటుంది. అడిగిన ధర ఇచ్చి తెచ్చుకుంటాం.