ఇంటర్ అయిన ఆడబిడ్డకు ఏది మేలు: శ్రీసిటీ కంపెనీనా, తిరుపతి డిగ్రీనా?

మాది పుత్తూరు పక్కన పల్లె. ఇంటర్ రిజల్ట్స్ వస్తే చాలు, ఆడబిడ్డలున్న ఇళ్లలో ఇదే పంచాయితీ: తెల్లారుజామున వచ్చే కంపెనీ బస్సు ఎక్కించాలా, తిరుపతి బస్సు ఎక్కించాలా?

కంపెనీ పనిని తీసిపారేయలేం. తడ దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ ఫోన్ల తయారీ మొదలైంది. అక్కడి లైన్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. నెల తిరిగితే జీతం, పీఎఫ్, సొంత ఖాతా. మా అత్త కూతురు తొలి జీతాలు కూడబెట్టి వాళ్లమ్మకు కమ్మలు కొనిచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పిల్ల మాట చెల్లుతోంది. అంత తొందరగా చదువు ఇవ్వలేనిది అదే. కానీ నాలుగేళ్లయినా చేసేది అదే పని. నేను చూసినంతలో పెళ్లి కాగానే మానేసినవాళ్లే ఎక్కువ, ఆ తర్వాత ఆ అనుభవాన్ని ఇంకెక్కడా అడిగినవాళ్లు లేరు.

డిగ్రీ అంటే మూడేళ్లు రాబడి లేదు. అయితే తిరుపతిలో ఆడపిల్లలకంటూ 1952 నాటి పద్మావతి కళాశాల ఉంది, 1983లో మహిళా విశ్వవిద్యాలయమూ వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చూ లేదు. ఒక్క ఏడాది చదువు పెరిగితే సంపాదన సగటున 9 శాతం దాకా పెరుగుతుందని, ఆడవాళ్లకు ఇంకో 2 శాతం ఎక్కువేనని ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తలు 2018లో లెక్కగట్టారు. లైన్లో చేతులు మనవి, చదువు అడిగే పై ఉద్యోగాలు బయటివాళ్లవి అయితే ఆ పెద్ద జీతాలు ఖర్చయ్యేది మన ఊళ్లలో కాదు. (ఊరికే పాసైన డిగ్రీ మళ్లీ ఆ కంపెనీ బస్సు దగ్గరికే తెస్తుంది, అదీ నిజమే.)

పదో తరగతిలోనే ఉంటే పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించి పద్మావతి మహిళా పాలిటెక్నిక్‌లో చేర్పించండి. నా ఓటు మొదట దానికే, ఇంటర్ దాటినవాళ్లకు డిగ్రీకి.

ఇంతకీ అదే ఇంట్లో అబ్బోడికి ఈ పోలికే రాదు. అప్పు చేసైనా చెన్నైలో ఇంజినీరింగ్ చదివిస్తారు. ఆ వాయిదా అక్క కంపెనీ జీతంలోంచి పోయే ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

ఒక్క సందర్భంలో మాత్రం కంపెనీయే మేలంటాను: చదువు మాన్పించి సంబంధాలు చూసే ఇంట్లో. ఆంధ్రలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటి ఇంట్లో జీతం తెచ్చే పిల్లకు నాలుగేళ్లు గడువు దొరుకుతుంది. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలో మాత్రం చేరకముందే మాట్లాడుకోండి.