5.5 అంటే చిన్నదేనా? మడత ఐఫోన్ తెర పుకార్లు: ఏది మేలు?

మడత ఐఫోన్ గురించి ఎవరు ఏ పుకారు మోసుకొచ్చినా అందులో రెండు అంకెలు దాదాపు మారడం లేదు. మడిస్తే బయటి తెర 5.5 అంగుళాలు, విప్పితే లోపలి తెర 7.8. 2025 మార్చిలో మింగ్-చి క్వో అనే విశ్లేషకుడు ఈ కొలతలు చెప్పాడు. ఆ తర్వాత చైనా నుంచి వచ్చిన లీకులు వాటిని 5.49, 7.76 దాకా సాన పట్టి, పిక్సెళ్ల లెక్క కూడా జోడించాయి: బయట 2088 × 1422, లోపల 2713 × 1920. ఆపిల్ మాత్రం నోరు విప్పలేదు.

ఫోన్ రాకముందే జనం రెండు జట్లుగా చీలిపోయారు. ఈ కాలంలో 5.5 అంగుళాల తెర ఎవరికి ఆనుతుందని ఒక జట్టు పెదవి విరుస్తోంది. శాంసంగ్ 8 అంగుళాలు ఇస్తుంటే 7.8తో సరిపెట్టడమేమిటని రెండో జట్టు. నా మటుకు రెండు వాదనలూ తప్పే. ఇద్దరూ అంగుళాలను చూస్తున్నారు, ఆకారాన్ని చూడటం లేదు.

తెరకు చెప్పే అంగుళాల లెక్క ఐమూలగా కొలిచింది, ఈ మూల నుంచి ఎదుటి మూలకు. తెరను సన్నగా, పొడుగ్గా సాగదీస్తే ఆ కొలత పెరుగుతుంది, చోటు మాత్రం ఆ మేరకు పెరగదు. 2017లో ఆపిల్ ఒకే వేదిక మీద 5.5 అంగుళాల ఐఫోన్ 8 ప్లస్‌నూ, 5.8 అంగుళాల ఐఫోన్ టెన్‌నూ చూపించింది. పిక్సెళ్ల నుంచి లెక్కగడితే రెండింటి వైశాల్యమూ దాదాపు 13 చదరపు అంగుళాలే. పైగా పెద్ద అంకె ఉన్న ఫోన్ తెరే సన్నం. మడత ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి ఈ మాయ ఇంకా ముదిరింది, ఎందుకంటే వాటి ఆకారాల్లో ఒకదానికీ ఇంకొకదానికీ పోలికే లేదు.

పుకారులోని పిక్సెళ్లు నిజమేననుకుని లెక్క వేద్దాం. బయటి తెర ఎత్తు సుమారు 4.54 అంగుళాలు, వెడల్పు 3.09. అంటే 14 చదరపు అంగుళాలు. మామూలు 6.3 అంగుళాల ఐఫోన్ తెర 5.7 ఎత్తు, 2.62 వెడల్పు, సుమారు 15 చదరపు అంగుళాలు. తేడా ఒక్క చదరపు అంగుళమే. 6.9 అంగుళాల ప్రో మ్యాక్స్‌కు దాదాపు 18 ఉంటుంది కానీ, దాని వెడల్పు 2.87 మాత్రమే. అంటే అందరూ చిన్నదని ఎగతాళి చేస్తున్న ఆ 5.5 తెర, ఆపిల్ అమ్మే అతిపెద్ద ఫోన్ తెరకన్నా వెడల్పు. మళ్లీ చదవండి కావాలంటే, అచ్చుతప్పు కాదు.

ఇంకో రుజువు. 2021 చివర్లో ఒప్పో తెచ్చిన ఫైండ్ ఎన్ అనే మడత ఫోన్ బయటి తెర కూడా సరిగ్గా 5.49 అంగుళాలే. దాని పొడవు వెడల్పుకు రెండింతలు, కాబట్టి వైశాల్యం 12 చదరపు అంగుళాల దగ్గరే ఆగింది. ఒకే అంకె, కానీ రెండు చదరపు అంగుళాల తేడా.

ఇక చేతిలో పట్టుకోవడం సంగతి. నన్నడిగితే ఈ పోలికలో అసలు తేల్చాల్సింది ఇదే. తెర వెడల్పే 78.5 మి.మీ. వస్తోంది, దానికి రెండు వైపులా అంచులు కలిపితే ఫోన్ వెడల్పు 80 మి.మీ. దాటక తప్పదు. ఐఫోన్ 16 ప్రో మ్యాక్స్ ఒళ్లంతా కలిపి 77.6. గెలాక్సీ ఎస్24 అల్ట్రా 79 మి.మీ. ఉండేది. మరుసటి ఏడాది ఎస్25 అల్ట్రాలో శాంసంగ్ తెరను 6.8 నుంచి 6.9కి పెంచుతూనే ఒంటిని 77.6కి తగ్గించింది. వెడల్పు విషయంలో ఒక్కో మిల్లీమీటరు కోసం కంపెనీలు ఇలా కుస్తీ పడుతున్నాయి. 80 దాటిన ఫోన్ ఎలా ఉంటుందో తెలియాలంటే 2011 నాటి మొదటి గెలాక్సీ నోట్‌ను గుర్తు చేసుకోవాలి. దాని తెర 5.3 అంగుళాలు, వెడల్పు 83 మి.మీ. చేతిలో పట్టని ఫోన్‌ను ఎవరూ కొనరని అంతకు ఏడాది ముందే స్టీవ్ జాబ్స్ తేల్చేశాడు. నోట్ అమ్ముడుపోయింది, అది వేరే కథ. కానీ దాన్ని ఒంటిచేత్తో వాడినవాళ్లు అరుదు.

కాబట్టి మినీ ఫోన్ మళ్లీ వస్తోందని సంబరపడేవాళ్లు ఆగాలి. ఐఫోన్ 13 మినీ వెడల్పు 64.2 మి.మీ. పుకార్ల ఫోన్ దానికి చుట్టం కూడా కాదు. ఎత్తు తక్కువ కాబట్టి బొటనవేలు పై అంచు దాకా తేలిగ్గా అందుతుంది, నిజమే. అడ్డంగా మాత్రం ఆ చివరకు అందదు. నిలబడి, ఒక చేత్తో ఊతం పట్టుకుని రెండో చేత్తో మెసేజ్ కొట్టేవాళ్లకు 6.3 ఫోనే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. రెండు చేతులతో టైప్ చేసేవాళ్లకు మాత్రం ఈ వెడల్పు వరమే. కీబోర్డులో ఒక్కో మీట కాస్త వెడల్పవుతుంది. గుణింతాలకూ వత్తులకూ వేళ్లు తడబడే మన టైపింగ్‌కు ఆ కాస్త చోటు తెలుస్తుంది.

శాంసంగ్ మడత ఫోన్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్7 ఇక్కడ వేరే దారి పట్టింది. దాని బయటి తెర 6.5 అంగుళాలు, మామూలు ఫోన్‌లాగే సన్నగా పొడుగ్గా ఉంటుంది. మడిచి ఉన్నంతసేపూ మడత ఫోన్ వాడుతున్నామన్న సంగతే గుర్తుండదు. అది తేలిగ్గా కుదిరిందేమీ కాదు. 2019లో వచ్చిన మొదటి గెలాక్సీ ఫోల్డ్ బయటి తెర 4.6 అంగుళాలు, బరువు 276 గ్రాములు. ఫోల్డ్7 బరువు 215 గ్రాములు, అంటే మడవని 16 ప్రో మ్యాక్స్ (227) కన్నా తక్కువ. గూగుల్ 2023లో పొట్టిగా వెడల్పుగా ఉండే 5.8 అంగుళాల బయటి తెరతో పిక్సెల్ ఫోల్డ్ తెచ్చి, మరుసటి ఏడాదే 6.3కి మారిపోయింది. ఒప్పో కూడా రెండు తరాలు పొట్టి ఆకారాన్ని నమ్ముకుని, 2023లో మూడోదానికి 6.31కి వెళ్లింది. ఇద్దరు వెళ్లి వెనుదిరిగిన దారిలో ఆపిల్ అడుగుపెడుతోందన్నమాట. తెలియక వెళ్తోందని నేననుకోను. దాని కన్ను బయటి తెర మీద లేదు, లోపలి తెర మీద ఉంది. లోపల అడ్డంగా ఉండే చక్కటి ఆకారం కావాలంటే, సగానికి మడిచినప్పుడు బయట పొట్టిగా వెడల్పుగా మిగలాల్సిందే. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

మరి లోపలి తెరలో ఏముంది? లెక్క ప్రకారం 6.34 పొడవు, 4.49 వెడల్పు, సుమారు 28.5 చదరపు అంగుళాలు. ఫోల్డ్7 లోపలి 8 అంగుళాల తెర 5.93 పొడవు, 5.35 వెడల్పు, దాదాపు 32. చోటు లెక్కలో శాంసంగ్‌దే పైచేయి. అయితే ఆ తెర ఇంచుమించు చతురస్రం. అందులో 16:9 వీడియో (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) పెడితే పైనా కిందా నల్ల పట్టీలు మందంగా పడి, బొమ్మకు మిగిలేది 20 చదరపు అంగుళాల లోపే. పుకార్ల ఐఫోన్‌లో అదే వీడియో 22.6 తీసుకుంటుంది. ఎనిమిది కన్నా 7.76 మీద బొమ్మ పెద్దది! ప్రో మ్యాక్స్‌లోనైతే అదే వీడియో 14.6 మాత్రమే. యూట్యూబ్, క్లాసుల వీడియోలు, పాత సీరియళ్లు చూసేవాళ్లకు ఇది నిజంగా పెద్ద తేడా.

సినిమా పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. థియేటర్‌ కోసం తీసే స్కోప్ సినిమా వెడల్పు, ఎత్తుకు సుమారు 2.39 రెట్లు. అది పుకార్ల మడత తెర మీద 16.8 చదరపు అంగుళాలు వస్తుంది. ప్రో మ్యాక్స్ మీద 16.3. అర చదరపు అంగుళం కోసం మడత, కీలు, అదనపు ధర అన్నీ మోయాలా? అక్కర్లేదు. ఫోల్డ్7 మీదైతే అది 14.7కి పడిపోతుంది, అంటే సగం ఫోన్ నల్లగా ఉంటుంది. సినిమాలు చూడటానికే పెద్ద ఫోన్ అనుకునేవాళ్లకు మడవని 6.9 ఫోనే లాభం. బ్యాటరీ కూడా అటువైపే మొగ్గుతుంది: ఎస్25 అల్ట్రాలో 5000 ఎంఏహెచ్ ఉంటే, అదే కంపెనీ ఫోల్డ్7లో 4400.

చదివేవాళ్ల లెక్క వేరు, మడత తెర నిజంగా గెలిచేది అక్కడే. పుకారులోని లోపలి తెర పొడవు, వెడల్పుల నిష్పత్తి 1.41. ఏ4 కాగితం నిష్పత్తి కూడా 1.41. కాకతాళీయమో కావాలని చేసిందో గానీ, ఏ4 పీడీఎఫ్ పేజీ అందులో అంచు నుంచి అంచు దాకా అతికినట్టు కూర్చుంటుంది, అసలు కొలతలో 54 శాతానికి తగ్గి. అంటే 12 పాయింట్ల అక్షరం ఆరున్నర పాయింట్లంత కనిపిస్తుంది. చిన్నదే, అయినా చదవొచ్చు. 6.9 ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే అదే అక్షరం నాలుగు పాయింట్ల పైచిలుకు. ఇంగ్లిష్ ఎలాగో గట్టెక్కుతుందేమో, తెలుగులో వత్తు కింద వత్తు పడ్డచోట కళ్లు చికిలించాల్సిందే. ఆపై రెండు వేళ్లతో పెద్దది చేయడం, అటూ ఇటూ జరపడం, ఎక్కడున్నామో మరిచిపోవడం. ఫోల్డ్7లోనూ పేజీ మొత్తం ఒకేసారి కనిపించాలంటే 51 శాతానికి తగ్గాలి, పక్కన చోటు వృథా పోతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాలు, ఆఫీసు పత్రాలు, ప్రశ్నపత్రాలు రోజూ తెరిచేవాళ్లు ఈ ఫోన్ కోసం ఎదురుచూడటంలో అర్థం ఉంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి లేదు.

ఇంతకీ ఈ అంకెలను ఏ మేరకు నమ్మొచ్చు? పుకార్లన్నీ ఒక గాటన కట్టేవి కావు. 2011లో ఐఫోన్ 5 వస్తోందనీ, తెర పెద్దదవుతుందనీ, వీపు కిందికి పోనుపోను సన్నబడుతుందనీ గట్టిగా చెప్పుకున్నారు. కొందరు కేసుల తయారీదారులు ఆ ఆకారానికి కవర్లు కూడా చేసేశారు. అక్టోబరులో వచ్చింది 4ఎస్, అదే పాత 3.5 అంగుళాల తెరతో. 4 అంగుళాల తెర 2012లో గానీ రాలేదు. 2014లో 4.7, 5.5 కొలతలు నిజమయ్యాయి, నీలమణి గాజు తెర వస్తుందన్న మాట మాత్రం అబద్ధమైంది. 2024లో వచ్చిన 6.3, 6.9 కొలతలు ఏడాది ముందే బయటికి పొక్కాయి, అలాగే వచ్చాయి.

దీంట్లో ఒక వరస ఉంది. తెర కొలత ముందే ఖాయం కావాలి. ప్యానెల్ తయారుచేసే కంపెనీ అచ్చులు, యంత్రాలు సిద్ధం చేసుకోవాలి, కాబట్టి ఆ సంగతి చాలా చేతులు మారుతుంది, బయటికి పొక్కుతుంది. ధర, విడుదల తేదీ చివరి దాకా మారుతూనే ఉంటాయి. అందువల్ల 5.5, 7.8 కొలతలను నేను చాలావరకు నమ్ముతాను. లోపలి తెర మధ్యలో మడత గీత కనబడదన్న పుకారును మాత్రం ఇప్పుడే నమ్మను. గీత అనేది కొలత కాదు, ఏ వెలుతురులో ఏ కోణంలో చూశారన్నదాన్ని బట్టి మారే విషయం. పైగా కొత్త ఫోన్‌లో కనబడనిది వేలసార్లు మడిచాక కనబడొచ్చు. దాన్ని ఏ లీకూ ముందుగా చెప్పలేదు.

ఆగాలా, ఇప్పుడే కొనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు చేతిలో ఉన్న ఫోన్‌ను బట్టి ఉంటుంది. అది బాగానే పనిచేస్తూ, చదువే ముఖ్యమైతే ఆగండి. అయితే మొదటి రోజే ఎగబడొద్దు. 2019లో సమీక్షకులకు పంపిన గెలాక్సీ ఫోల్డ్ తెరలు కొన్ని పాడయ్యాక, ఏప్రిల్‌లో అమ్మాల్సిన ఫోన్‌ను శాంసంగ్ సెప్టెంబరుకు వాయిదా వేసింది. మడత ఫోన్లు అప్పటికన్నా చాలా గట్టిపడ్డాయి, 2025లో గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌కు దుమ్ము, నీళ్ల విషయంలో మామూలు ఫోన్లకిచ్చే ఐపీ68 గుర్తింపు కూడా దక్కింది. ఫోల్డ్7 మాత్రం ఇంకా ఐపీ48 దగ్గరే ఉంది, అంటే సన్న దుమ్ము నుంచి దానికి పూర్తి రక్షణ లేదు. మొదటిసారి కీలు బిగిస్తున్న ఆపిల్ ఈ రెండింటిలో ఎటు నిలుస్తుందో చూశాకే డబ్బు తీయండి.

ఫోన్ ఇప్పటికే మొరాయిస్తుంటే ఆగక్కర్లేదు. ఒంటిచేతివాళ్లు 6.3, సినిమావాళ్లు 6.9 తీసుకోండి. మడత ఫోనే కావాలి, కానీ బయటి తెర మామూలు ఫోన్‌లా ఉండాలి అనేవాళ్లకు ఫోల్డ్7 దుకాణంలోనే దొరుకుతోంది. ఎనిమిది అంగుళాలని కాదు, ఆ 6.5 కోసం.