హన్మకొండలో పేగుపొర తిత్తి ఆపరేషన్: సర్జరీ విభాగం ఎట్లుంది?

హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జరీ విభాగానికి 5కి 4 ఇవ్వొచ్చు. పేగులను పట్టి ఉంచే పొరలో పెరిగే నీటితిత్తి, అంటే మెసెంటెరిక్ సిస్ట్, పెద్దవాళ్లలో అరుదు. క్యాన్సర్ కావడం ఇంకా అరుదు.

స్కానింగులో నీళ్లు కనబడగానే సూది గుచ్చే తొందర ఇక్కడ లేదు. మెచ్చుకోవాల్సింది అదే. హైడాటిడ్ తిత్తి (కుక్కల నుంచి సోకే నులిపురుగు వల్ల వచ్చేది) అయితే సూదిపోటుకు లోపలి ద్రవం కారి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇంట్లో గొర్లు, కుక్కలు ఉన్నయా అని అడుగుతారు. లింఫ్ (పేగుల నుంచి కొవ్వును కూడా మోసే ద్రవం) తిత్తి అయితే నీరు లాగినా మళ్లీ నిండుతుంది. వెన్నెముక పక్కన గట్టి గడ్డ ఉంటే మెటానెఫ్రిన్ పరీక్ష (బీపీ పెంచే హార్మోన్ల జాడ చూసేది) రాస్తారు. ఆ హార్మోన్లు వదిలే పారాగ్యాంగ్లియోమా గడ్డ అని తేలితే, బీపీని అదుపు చేసే ఆల్ఫా బ్లాకర్ మాత్రలు 10-14 రోజులు వాడించాకే మత్తు.

తిత్తిని గోడతో సహా తీస్తారు. పేగుకు రక్తం తెచ్చే నాళాలు దానికి అంటుకుంటే ఆ పేగు ముక్కనూ కోసి, కొసలు కలపాలి. సంతకానికి ముందే చెబుతున్నారు, కానీ ప్యాకేజీలో ఆ ఖర్చు లేదు! కౌంటర్లో రాతపూర్వకంగా అడగండి.

అసలు లోపం డిశ్చార్జి కాగితం. ‘మెత్తటి భోజనం’ అని ఒక్కముక్క రాసి వదిలేశారు. రాయాల్సింది ఇది: తిండి మొదలయ్యాక డ్రెయిన్ (కడుపులోంచి ద్రవం బయటికి తెచ్చే గొట్టం)లో వచ్చేది పాలలా తెల్లబడితే లింఫ్ కారుతున్నట్టు; ఆ ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు (కొవ్వు) డెసిలీటరుకు 110 మి.గ్రా. దాటితే అనుమానం బలపడుతుంది. అప్పుడు నూనె, నెయ్యి బంద్ చేయాలి. చాలావరకు దాంతోనే ఆగుతుంది.