బ్రింగ్ ఎ ట్రెయిలర్ వేలంలో నా ఫియట్ స్పైడర్‌ను అమ్మిన సంగతి

ధర ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ కళ్లు దాని కోసమే కిందికి పరుగెడతాయి. నా 1978 ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్ 17,250 డాలర్లకు పోయింది. తుప్పు కోసి, ఇంజను విప్పించి, రంగు వేయించి, సీట్లకు కొత్త తొడుగులు కుట్టించి నేను పెట్టిన ఖర్చు అంతకంటే ఎక్కువే. ఎంత ఎక్కువో మా ఆయన దగ్గర లెక్క ఉంది. ఆ లెక్క ఇంట్లోనే ఉండనివ్వండి. అయినా అమ్మిన తీరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బ్రింగ్ ఎ ట్రెయిలర్ అనే ఆన్‌లైన్ వేలం సైటులో అమ్మాను. పాత కారు బాగు చేయించుకుని, దాన్ని ఏ దారిలో వదిలించుకోవాలో తెలియక గరాజులో పెట్టుకున్న మనవాళ్లు ఈ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే కొందరున్నారు. వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు కారు సంగతి. ఇది తెలియకపోతే ధర ఎందుకు అక్కడ ఆగిందో అర్థం కాదు. 124 స్పైడర్ 1966లో టురిన్ మోటార్ షోలో జనానికి కనిపించింది. బాడీ గీసింది పినిన్‌ఫరీనాలో పనిచేసిన టామ్ జార్డా అనే అమెరికన్. ఇంజను ఆరేలియో లాంప్రెడిది; ఆయన అంతకు ముందు ఫెరారీకి ఇంజన్లు రూపొందించిన మనిషి. పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్ షాఫ్టులు, వాటిని తిప్పడానికి గొలుసుకు బదులు రబ్బరు బెల్టు, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఒక మామూలు కార్ల కంపెనీ అరవైలలో ఇవన్నీ కలిపి అందుబాటు ధరకు ఇవ్వడం చిన్న విషయం కాదు. పైగా దీని గుడ్డ టాపును డ్రైవర్ సీట్లో కూర్చునే వెనక్కి మడవచ్చు, మళ్లీ ముందుకు లాగి బిగించవచ్చు. ఆ రోజుల్లో వచ్చిన బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్లు నడిపినవాళ్లను అడిగితే ఈ సుఖం విలువ చెబుతారు.

గుంటూరులో మా నాన్న నడిపిన ప్రీమియర్ 118ఎన్ఈ కూడా ఈ 124 వంశానిదే. బాడీ ఫియట్ 124ది, ఇంజను మాత్రం నిస్సాన్‌ది. ఆ లెక్కన స్పైడర్ మా పాత కారుకు పెదనాన్న కూతురు అవుతుంది. కొనడానికి నేను ఇంట్లో చెప్పిన కారణం ఇదే. నిజమైన కారణం వెనుక చక్రాల మీది ఆ రేకు వంపు.

ఇక అసలు చిక్కు. 1985లో తయారీ ఆగిపోయే నాటికి ఇవి దాదాపు రెండు లక్షలు తయారయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వచ్చాయి. అంటే అరుదైన కారు కాదు. కొనేవాడికి ఎప్పుడూ మరో స్పైడర్ దొరుకుతుంది. కాబట్టి మీ కారు పక్కవాడి కారు కంటే ఎందుకు మెరుగో రుజువు చేసుకోవాలి, ఆ రుజువు నలుగురూ చూసే చోట పెట్టాలి. ఈ సైటు గొప్పదనమంతా నాకు అక్కడే కనిపించింది.

దీనికి ముందు ఒక పాత కార్ల డీలరు దగ్గర అమ్మకానికి ఉంచాను. పేరు వద్దు. అమ్ముడుపోయాక కమిషన్ తీసుకునే పద్ధతి. షోరూములో పెడతామని చెప్పి బయట ఎండలో నిలబెట్టారు. అది సర్దుకోవచ్చు. కానీ నేను ఒకసారి కొనేవాడిలా నా తమ్ముడి చేత ఫోను చేయిస్తే, అక్కడి సేల్స్ మనిషి "అసలు 43,000 మైళ్లే తిరిగింది సార్" అన్నాడట. ఈ కారు మైలు మీటరులో ఐదు అంకెలే ఉంటాయి. లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అది 43,000 కావచ్చు, 1,43,000 కావచ్చు. నేను వాళ్లకు రాసి ఇచ్చిన కాగితంలో ఈ ముక్క స్పష్టంగానే ఉంది. మర్నాడే వెళ్లి కారు వెనక్కి తెచ్చేసుకున్నాను.

బ్రింగ్ ఎ ట్రెయిలర్ 2007లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. మొదట్లో ఎక్కడెక్కడ ఆసక్తికరమైన పాత కార్లు అమ్మకానికి ఉన్నాయో వెతికి చూపించేవాళ్లు, 2014 నుంచి సొంతంగా వేలం నడుపుతున్నారు, 2020లో హర్స్ట్ అనే మీడియా సంస్థ దాన్ని కొన్నది. నేను అమ్మినప్పుడు మామూలు లిస్టింగుకు అమ్మేవాళ్లు చెల్లించేది 99 డాలర్లు. కొన్నవాళ్లు సైటుకు ధర మీద 5 శాతం చెల్లించాలి, 250 డాలర్లకు తగ్గకుండా, 7,500కు మించకుండా. పాట పాడేటప్పుడే వాళ్ల క్రెడిట్ కార్డు మీద ఆ మొత్తం పట్టి ఉంచుతారు. అందుకే ఊరికే సరదాకు పాడేవాళ్లు తక్కువ. కారు డబ్బు మాత్రం సైటు చేతికి రాదు, కొన్న మనిషే నేరుగా మనకు ఇస్తాడు.

ఫోటోలు, వివరాలు పంపితే వాళ్ల మనిషి ఒకరు లిస్టింగు రాసి మనకు చూపిస్తారు. నేను పంపిన దాంట్లో మధ్యధరా సముద్రం, సాయంకాలపు గాలి వగైరా ఉన్నాయి. తిరిగి వచ్చిన దాంట్లో అవేవీ లేవు. 1,756 సీసీ ఇంజను, వెబర్ కార్బురేటర్, మళ్లీ రంగు వేశారు, డాష్‌బోర్డు చెక్క కొత్తది, అసలు మైలేజీ తెలియదు. అంతే. మొదట చదవగానే మనసు చివుక్కుమంది కానీ, రెండోసారి చదివితే కారు మీద గౌరవం పెరిగేలా ఉంది. విశేషణాలు లేని చోట ప్రతి వాస్తవం బరువుగా కూర్చుంటుంది.

లోపాలన్నీ నేనే రాయించాను. ఇంజను వేడెక్కే వరకూ రెండో గేరు గరగరమంటూ పడుతుంది. కుడి పక్క కిటికీ అద్దం నిదానంగా లేస్తుంది. కొత్త టాపు వెనుక మూలలో చిన్న ముడత ఉంది. చల్లగా ఉన్న ఇంజనును స్టార్ట్ చేసే వీడియో, రోడ్డు మీద నడిపే వీడియో, కారును పైకెత్తి కింద నుంచి తీసిన ఫోటోలు పెట్టాను. అద్దంలా మెరిసే బానెట్ ఫోటో ఒక్కటి చాలు. కింది భాగం ఫోటోలు ఎన్ని పెట్టినా తక్కువే.

వేలం ఏడు రోజులు నడుస్తుంది. ప్రతి కారు కిందా ఎవరైనా వ్యాఖ్య రాయవచ్చు, ప్రశ్న అడగవచ్చు. అసలు బజారు అక్కడే ఉంది. మొదటి రోజే ఒకాయన సూటిగా అడిగాడు: ముందు షాక్ టవర్ల సంగతేమిటి? స్పైడర్ గురించి తెలిసిన మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ముందు చక్రాల సస్పెన్షన్ పై భాగం ఇంజను పక్కనున్న రేకు గూడుకు బిగించి ఉంటుంది. చక్రం చిమ్మిన నీళ్లు, బురద ఆ గూడు లోపల అతుకుల్లో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. పై నుంచి చూస్తే నిగనిగలాడే రంగు. కింద వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలే తుప్పు. అది పూర్తిగా కుళ్లితే ఆ కారు రోడ్డు మీదికి పనికిరాదు. చాలామంది దాని మీద లప్పం రాసి, నల్లటి తారు లాంటి కోటింగు కొట్టి అమ్మేస్తారు.

కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకు వెళ్లి వెల్డింగ్ నేర్చుకున్నది ఈ రెండు గూళ్ల కోసమే. కుళ్లిన రేకు కోసేశాక మిగిలిన కన్నం, కొత్త రేకు పెట్టి చుక్కలు చుక్కలుగా అంటించిన దశ, గ్రైండర్ పట్టక ముందు వంకర టింకరగా ఉన్న నా వెల్డింగ్ కుట్టు, ప్రైమర్, చివర్లో రంగు: వరసగా ఫోటోలు తీసి ఉంచాను. అన్నీ పెట్టేశాను. ఆ వంకర కుట్టు ఫోటో కింద ఒకరు "ఇది దాచకుండా చూపించారు కాబట్టి మిగతాది కూడా నమ్ముతాను" అని రాశారు. ఆ రోజు పాట కదిలింది. రంగు వేయడానికి అయిన ఖర్చంతా కలిపినా ఆ ఒక్క ఫోటో చేసిన పని చేయలేదని నా అభిప్రాయం.

రెండో పెద్ద ప్రశ్న పొగ పరీక్ష. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ పరీక్ష మినహాయింపు ఉంది. నాది 1978. అంటే అమ్మేవాళ్లే పరీక్ష చేయించి, 90 రోజుల లోపు తీసుకున్న సర్టిఫికెట్ కొనేవాళ్లకు ఇవ్వాలి. కారును రోలర్ల మీద ఎక్కించి గంటకు 15, 25 మైళ్ల వేగాల్లో నడిపి పొగలో హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలుస్తారు. పెట్రోలు ట్యాంకు నుంచి ఆవిరి లీకవుతోందా అని చూస్తారు. అది కాక, కంపెనీ బిగించిన కాలుష్య నియంత్రణ భాగాలన్నీ ఉన్నాయో లేదో బానెట్ ఎత్తి చూస్తారు. ఇక్కడే చాలా స్పైడర్లు బోల్తా పడతాయి. కొంచెం ఊపు కోసం పాత యజమానులు ఆ గొట్టాలు, పంపులు పీకి పారేసి, రెండేసి కార్బురేటర్లు తగిలించుకుని ఉంటారు. వేరే రాష్ట్రంలో అది ముచ్చట, ఇక్కడ రిజిస్ట్రేషన్ కాదు. నేను ఒక్క గొట్టం కూడా తీయలేదు, చిట్లినవాటి చోట కొత్తవి వేశాను. నన్ను చూసి నవ్విన మెకానిక్కులు ఉన్నారు. చివరి దాకా పోటీ పడిన ఇద్దరూ కాలిఫోర్నియా వాళ్లే, ఇద్దరూ అడిగింది సర్టిఫికెట్ తేదీనే.

వ్యాఖ్యలన్నీ ఇలా పనికొచ్చేవే అనుకోకండి. క్రొమోడోరా కంపెనీ చక్రాలు 1978 మోడల్‌కు సరిపోతాయా లేదా అని ఇద్దరు రోజంతా వాదించుకున్నారు, వాళ్లలో ఎవరూ పాట పాడలేదు. కాలేజీ రోజుల్లో తన ప్రేయసికి ఇలాంటి కారే ఉండేదని ఒక పెద్దాయన పేరాలకు పేరాలు రాశారు. ఓపికగా అందరికీ జవాబివ్వాలి. ఆలస్యం చేస్తే దాస్తున్నారనుకుంటారు. ఆ వారం ఆఫీసు పని పెద్దగా లేకుండా చూసుకోండి.

రిజర్వు ధర, అంటే అంతకు తగ్గితే అమ్మనని ముందే పెట్టుకునే ధర, పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. స్పైడర్ లాంటి మధ్య ధర కారుకు రిజర్వు లేకపోతేనే పాటదారులు ధైర్యంగా దిగుతారని, పాత ఫలితాలు తిరగేశాక నాకు అనిపించింది. ఆ సైటులో జరిగిన అమ్మకాల ధరలన్నీ ఎవరైనా చూసుకోవచ్చు, అది అమ్మేవాళ్లకు పెద్ద వరం. రిజర్వు లేకుండా పెట్టాను. చివరి రోజు ఉదయానికి పాట 9,100 దగ్గరే కూర్చుంది. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళుతుంది కాబట్టి, ఆఖరి క్షణంలో దొంగతనంగా కొట్టేయడం కుదరదు. మన ఊళ్లో చేపల చెరువుల పాటలో ఒకటోసారి, రెండోసారి అని సాగదీసినట్టే ఉంటుంది, కాకపోతే కేకలు ఉండవు. 13,000 దాటాక ఇద్దరే మిగిలారు. 250 చొప్పున పెంచుకుంటూ పోయారు. మా ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నది అప్పుడే.

ఎవరికి పనికొస్తుంది? పని చేయించిన బిల్లులు, ఫోటోలు ఉన్నవాళ్లకు. బిల్లులు లేని అందమైన కారు ఉన్నవాళ్లకు ఇది నరకం. తెలిసినవాళ్లు పదిమంది కలిసి విప్పేస్తారు. వెంటనే డబ్బు కావాల్సినవాళ్లకూ కాదు, ఎందుకంటే దరఖాస్తు, ఫోటోలు, రాత, తేదీ కేటాయింపు అన్నీ అయ్యే సరికి సమయం పడుతుంది. పెట్టిన ఖర్చు వెనక్కి రావాలనుకునేవాళ్లకు ఏ సైటూ పనికిరాదు. ఫెరారీ, లంబోర్గినీ సంగతి వేరు. ఫియట్లకు మరమ్మతు ఖర్చు ఎప్పుడూ ధరను మించే ఉంటుంది.

కొన్నాయన శాక్రమెంటో నుంచి రైల్లో వచ్చి, డబ్బు నా ఖాతాలో పడిందని నిర్ధారించుకున్నాక కారు నడుపుకుంటూ వెళ్లాడు. క్యామ్ షాఫ్టులను తిప్పే ఆ టైమింగ్ బెల్టు మార్చిన తేదీ చీటీ గ్లవ్ బాక్సులో పెట్టి ఇచ్చాను. బెల్టు తెగితే కారు దారిలోనే ఆగిపోతుంది. ఒక పని మాత్రం ఆ రోజే చేసేయండి: అమ్మిన ఐదు రోజుల లోపు బాధ్యత బదిలీ నోటీసును డీఎంవీకి, అంటే ఇక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ శాఖకు, ఆన్‌లైన్లో పంపాలి. ఇక్కడ నంబరు ప్లేటు కారుతోనే పోతుంది. నోటీసు పంపకపోతే కొత్త యజమాని వంతెన దాటిన ప్రతిసారీ టోలు చీటీ మీ ఇంటికే వస్తుంది.